షెరీఫ్‌ని కూడా ఓటేసి ఎన్నుకుంటారా?

ప్రశ్న: అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఛాండ్లర్‌కి వచ్చి నెలైంది. రోడ్ల పక్కన షెరీఫ్ (ఇక్కడి పోలీసు పెద్ద) ఎన్నికల బోర్డులు చూశాను. మన ఎస్పీని ప్రభుత్వమే వేస్తుంది కదా, ఇక్కడ ఓట్లా?

జవాబు: అవునండి, నాలుగేళ్లకోసారి. మన మారికోపా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) జో అర్పాయో 1992లో గెలిచి 24 ఏళ్లు కదల్లేదు. ఖైదీల్ని ఈ ఎండల్లో టెంట్లలో ఉంచాడు, గులాబీ రంగు లోదుస్తులు తొడిగించాడు. వలస అనుమానంతో ఎక్కడ ఆపుతారోనని నేనొచ్చిన కొత్తలో ఒకటే టెన్షన్, కూరగాయలకెళ్లినా జేబులో వీసా జిరాక్స్ ఉండేది. ఎవరూ ఆపలేదనుకోండి.

ప్రశ్న: మరి ఎలా దిగాడు?

జవాబు: 2016లో పాల్ పెన్‌జోన్ చేతిలో ఓడాడు. వలస అనుమానంతోనే మనుషుల్ని పట్టుకోవద్దన్న కోర్టు ఉత్తర్వును లెక్కచేయనందుకు 2017లో దోషిగా తేలాడు. శిక్ష ఖరారు కాకముందే ట్రంప్ క్షమాభిక్ష పెట్టేశాడు.

మరొకరు: ఆ టెంట్లు కూడా అదే ఏడాది ఎత్తేశారు.