‘కాళ్లు నెర్రెలు బాసినయి’: ఈ ‘బాసుడు’ ఎక్కడిది?

చలి మొదలైందంటే మా హనుమకొండ దిక్కు ఇంటింటా వినపడే మాట ఇది. పెదవులు ‘పలుగుతయి’, చేతులు ‘పొట్టు లేస్తయి’, మడమలు మాత్రం ‘నెర్రెలు బాస్తయి’. రాసేటప్పుడు మూడింటినీ ‘పగుళ్లు’ అని ఒకే గాటన కడుతున్నాం. నాకు అది బాధగా ఉంటుంది.

పలుగుడు అంటే పగులుడే. గ, ల చోట్లు మార్చుకున్నాయి, అంతే. ‘చిహ్నం’ అని రాసి ‘చిన్హం’ అని పలుకుతామే, అదీ ఇలాంటిదే, వర్ణవ్యత్యయం అంటారు. ‘పెదవి పలిగింది’ అన్న పిల్లల్ని తప్పు మాట్లాడారని సరిదిద్దకండి, దయచేసి.

నెర్రె అసలు నేల మాట. నిఘంటువుల్లో ‘నెఱియ’ అని కూడా కనిపిస్తుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోయి చీలుతుంది. ఆ చీలికే నెర్రె. మడమ సంగతి చూడండి: అరికాలి తోలులో నూనె గ్రంథులు ఉండవు. చలికాలం గాలిలో తేమ తగ్గేసరికి పైపొరలో నీరు ఆరిపోతుంది. అసలే మందంగా ఉండే తోలు ఇంకా గట్టిపడి, ఒంటి బరువు మీద పడ్డప్పుడు సాగలేక చీలుతుంది. పత్తిచేలల్లో ఎండిన నేలనూ, తమ కాళ్లనూ రోజూ చూసినవాళ్లు పెట్టిన మాటేమో ఇది అనిపిస్తుంది. ‘పగుళ్లు’లో ఈ ఎండుడు కనపడదు.

ఇక బాసుడు. దీని మూలం ‘పాయు’, అంటే విడిపోవు. ఎడ, పాయు కలిస్తే ‘ఎడబాయు’, అక్కడ ప కాస్తా బ అయింది; ‘ఎడబాసిన’ అన్నప్పుడు య చోట స వచ్చింది. జడ పాయ, గోదావరి పాయ అన్నప్పుడున్న పాయ కూడా ఈ కుటుంబానిదే. నెర్రెలు బాసిన కాలు అంటే నెర్రెలుగా విడిపోయిన కాలు.

ఒక జాగ్రత్త: ‘కాళ్లు వాసినయి’ వేరు. అది ‘వాచు’ నుంచి వచ్చింది, వాపు అన్నమాట. మన పెద్దవాళ్లు డాక్టరుకు చెప్పుకునేటప్పుడు పక్కనున్నవాళ్లు ఈ తేడా తెలిసి చెప్పాలి.

ఈ మాట మీద మన గ్రూపులో జగిత్యాల నుంచి ఒక అక్క రాసిన వ్యాఖ్య: ‘మా దిక్కు నెర్రెలు వడ్డయి అంటం తమ్మీ. మా అవ్వ మంచినూనెల మైనం కరగవెట్టి, సల్లారినంక రాత్రి పండుకునేటప్పుడు రాసేది. ఉత్త కాళ్లకు రాయనిచ్చేది కాదు, కడిగినంకనే అనేది.’

అక్కా, మీ అవ్వ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నూనె, మైనం తోలుకు నీళ్లు ఇవ్వవు, ఉన్న నీళ్లను పోనివ్వవు. అందుకే గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్దినట్టు తుడిచి, ఇంకా తడి ఉండగానే రాయాలి. వాజ్‌లీన్ చేసే పనీ ఇదే. చలి అని పొగలు కక్కే నీళ్లు పోసుకుంటే ఒంటి మీదున్న కాస్త జిడ్డూ పోతుంది. పలిగిన పెదవులను నాలుకతో తడిపినా అంతే, ఉమ్మి ఆరేకొద్దీ ఇంకా పలుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లు మడమ తోలును బ్లేడుతో గీకడం మాత్రం వద్దే వద్దు. నెర్రెలోంచి నెత్తురో చీమో వస్తే నూనెలతో ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

‘నెర్రెలు వడ్డయి’ కూడా రాసిపెట్టుకున్నాను. చలి 10 డిగ్రీల కిందికి దిగే సిర్పూర్ (యు), ఆదిలాబాద్ దిక్కు వాళ్లు గ్రూపులో ఉంటే ఒక్కమాట చెప్పండి. చెయ్యి తెల్లబారి, గోరుతో గీస్తే గీత పడుతుంది కదా, దానికి మీ ఇళ్లలో ఏమంటరు? మా ఇంట్లో దానికంటూ వేరే మాట లేదు.