స్మోక్ ఆన్ ద వాటర్ రిఫ్: ఫ్రెట్లు సరిగ్గానే పడుతున్నాయి, పాటలా మాత్రం వినిపించట్లేదు

కొత్తతీగ:

నమస్తే అండీ. డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వాళ్ల స్మోక్ ఆన్ ద వాటర్ పాటలోని రిఫ్ (మళ్లీమళ్లీ తిరిగొచ్చే చిన్న వరస) సాధన చేస్తున్నాను. అకౌస్టిక్ గిటార్, 11 గేజు స్టీల్ తీగలు, మామూలు ట్యూనింగ్. డి, జి తీగలు రెండూ కలిపి మీటుతూ ఈ వరస వాయిస్తున్నాను (అంకె అంటే ఫ్రెట్, గిటార్ మెడ మీది మెట్టు; 0 అంటే నొక్కని ఉత్త తీగ):

0 3 5
0 3 6 5
0 3 5 3 0

మెట్రోనోమ్ 80 మీద పెడితే ఒక్క ఫ్రెట్ కూడా తప్పు పోవట్లేదు. అయినా ఇవి తేలట్లేదు. ఒకటి, రికార్డుతో కలిపి వాయిస్తే రెండో ముక్కకి వచ్చేసరికి నేను ముందుకు వెళ్లిపోతున్నాను. రెండు, శబ్దం పీలగా ఉంది. కొందరు ఇదే రిఫ్‌ని లావు తీగల మీద పవర్ కార్డులతో (షడ్జమం, పంచమం మాత్రమే కలిపి మోగించే కార్డులు) వాయిస్తున్నారు, అసలు పద్ధతి ఏది? మూడు, 5 నుంచి 0కి దిగేటప్పుడు మధ్యలో టంగుమని అదనపు చప్పుడు వస్తోంది. రిఫ్ అయ్యాక పాట మిగతా భాగానికి ఏ కార్డులు కావాలో కూడా చెప్పగలరు.

లయపిచ్చి:

మీ మొదటి ప్రశ్నలోనే అసలు జబ్బు ఉంది. ఫ్రెట్లు మూడే కాబట్టి అందరూ ఎడమ చేతిని చూసుకుంటారు, ఈ రిఫ్ మాత్రం చెడేది లెక్కలో. మొత్తం నాలుగు బార్లు, పన్నెండు మీటులు. అందులో ఐదు మీటులు దెబ్బ (బీట్) మీద పడవు, దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా నడుమ పడతాయి.

వన్ అండ్ టూ అండ్ అని లెక్కపెట్టడం చాలామందికి నోరు తిరగదు. మనకి చేతిలో ఉన్నదే వాడుకోండి: తక ధిమి తక జుణు. ఎనిమిది అక్షరాలు ఒక బార్. కాలితో తట్టేది త, ధి, త, జు దగ్గర. బ్రాకెట్లో అంకె ఉన్న అక్షరం మీదే మీటాలి:

త(0) క ధి(3) మి త(5) క జు ణు(0)
త క(3) ధి మి(6) త(5) క జు ణు
త(0) క ధి(3) మి త(5) క జు ణు(3)
త క(0) ధి మి త క జు ణు

చూడండి, రెండో ముక్క రెండో బార్‌లో మొదలు కాదు. మొదటి బార్ చివరి అక్షరం "ణు" మీదే ఎత్తుకుంటుంది. మొదటి ముక్కలోని 5ని "త క జు" మూడక్షరాల పాటు పట్టి ఉంచాలి. మీరు రెండే పట్టి "జు" మీద 0 మీటేస్తున్నట్టున్నారు. అక్కడ అరదెబ్బ ముందుకు జరిగాక 3, 6 కూడా కాలు తట్టే చోటే పడతాయి, చెవికి ఏదో కుదిరినట్టే ఉంటుంది, రికార్డు మాత్రం వెనక ఉండిపోతుంది. మెట్రోనోమ్‌తో తప్పు తెలియకపోవడానికి కారణం కూడా ఇదే. టిక్కు దెబ్బ మీద పడుతోంది, మీరూ దెబ్బ మీదే వాయిస్తున్నారు.

గిటార్ పక్కన పెట్టి, కాలు తడుతూ నోటితో అక్షరాలు అనండి. మీటాల్సిన అక్షరం మీద తొడ మీద చరచండి. రెండో బార్ మొదటి "త" దగ్గర కాలు పడాలి, చెయ్యి పడకూడదు. అక్కడ చెయ్యి తనంతట తాను ఆగేదాకా గిటార్ ముట్టొద్దు. తర్వాత మెట్రోనోమ్ 60 మీద, తప్పు లేకుండా నాలుగుసార్లు తిరిగితే 5 చొప్పున పెంచండి. రికార్డు వేగం సుమారు 112.

ఇంకో సంగతి: మొదటి రెండు మీటులు (0, 3) పొట్టిగా తెగాలి, 5 పొడుగ్గా నిలవాలి. అన్నీ ఒకే పొడుగున మోగితే అక్షరాలు సరిగ్గా పడినా రిఫ్ చచ్చుబడిపోతుంది.

శ్రుతిపెట్టె:

రెండో ప్రశ్న. అసలు పద్ధతి మీరు వాయిస్తున్నదే. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ డి, జి తీగల మీదే వాయిస్తాడు, అదీ పిక్‌తో కాదు, వేళ్లతో రెండు తీగల్నీ ఒకేసారి లాగి. పిక్ కిందకి కొడితే డి తీగ ఒక వెంట్రుకవాసి ముందు, జి తీగ తర్వాత మోగుతాయి. బొటనవేలు డి మీద, చూపుడు వేలు జి మీద పెట్టి గిల్లినట్టు మీటితే రెండూ ఒక్క శబ్దంగా, ఆర్గన్ మెట్టు నొక్కినట్టు వస్తాయి. ఈ ఒక్క మార్పుతోనే సగం తేడా తెలుస్తుంది, అకౌస్టిక్ మీద కూడా.

ఇక పీలగా ఎందుకుంది అంటే: తంబురాలో ముందు పంచమం, తర్వాత షడ్జమం మోగుతాయి కదా, ఈ రిఫ్ మొదటి మీటు సరిగ్గా ఆ జంటే. జి తీగ షడ్జమం, దాని కింద డి తీగ మంద్ర పంచమం. పై తీగ మీద నడిచేది స గ మ, స గ మ మ, స గ మ గ స. 3వ ఫ్రెట్‌లో సాధారణ గాంధారం, 5లో శుద్ధ మధ్యమం, 6లో ప్రతి మధ్యమం. ప్రతి మధ్యమాన్ని ఒక్క అక్షరం తాకి వెంటనే శుద్ధ మధ్యమానికి జారడంలోనే ఈ రిఫ్ కారం అంతా ఉంది. కింది తీగ అదే నడకని నీడలా వెంబడిస్తుంది.

పవర్ కార్డ్ దీనికి తిరగేసిన రూపం: కింద షడ్జమం, పైన పంచమం. కాబట్టి లావు ఈ (E) తీగ మీద 3 6 8, 3 6 9 8, 3 6 8 6 3 అని పవర్ కార్డులతో వాయిస్తే స్వరాల పేర్లు మారవు, షడ్జమం ఒక స్థాయి కిందకి దిగుతుంది. బరువు పెరుగుతుంది, పదును పోతుంది.

మరి రికార్డులో రెండు సన్న తీగలకి అంత బరువు ఎక్కడిది? డి తీగ సుమారు 146.8 హెర్ట్జ్, జి తీగ 196. రెంటి తేడా 49 చిల్లర. అది జి స్వరమే, జి తీగకి రెండు స్థాయిల కింద. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ఏర్పాటు) ఉన్న ఆంప్‌లోంచి రెండు స్వరాలు కలిసి వెళ్తే ఈ తేడా స్వరం నిజంగానే పుడుతుంది. మీరు మీటని అనుమంద్ర షడ్జమాన్ని ఆంప్ మీటుతుందన్నమాట. అకౌస్టిక్ పెట్టెలో ఆ పని జరగదు. అందుకే మీ గిటార్ మీద ఇది పీలగానే ఉంటుంది, మీ వేళ్ల తప్పు కాదు. ఎలక్ట్రిక్ దొరికినప్పుడు బ్రిడ్జ్ (తీగలు ఆనే చివర) దగ్గరి పికప్, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) సగం, మిడ్ 7 దాకా పెట్టి చూడండి. గెయిన్ చివరిదాకా తిప్పితే రెండు స్వరాలూ ముద్దైపోయి 6, 5 తేడా చెవికి అందదు.

ఓరుగల్లు_తీగలు:

అన్నా, మూడో ప్రశ్నకు నేను చెప్త. నీకు వినపడే టంగు పుల్-ఆఫ్. 5 మీదికెల్లి వేలు తీసేటప్పుడు తీగను పక్కకు గుంజుతున్నవ్, అది గిల్లినట్టయ్యి మోగుతుంది.

వేలును రెండు మెట్లల్ల తియ్యాలె. ముందుగాల ఒత్తుడు మాత్రం వదులు, వేలు తీగల మీద ఆనించే ఉంచు. చప్పుడు ఆగిపోతది. తర్వాత కుడి చెయ్యి 0 మీటే క్షణంల వేలును నిట్టనిలువుగ పైకి లేపు. జరంత ముందు లేపినా మోగుతది, ఆలస్యమైతే టక్కుమని చచ్చిన శబ్దమొస్తది. ఇదొక్కటే పది నిమిషాలు చెయ్: 5 మీటు, ఒత్తుడు వదులు, మీటుకుంట లేపు, 0.

వేళ్లు: 3కు చూపుడు వేలు, 5కు ఉంగరం వేలు, రెండు తీగల మీద అడ్డంగ పండవెట్టాలె. 6కు అదే ఉంగరం వేలును జరుపు, కానీ ఒత్తుడుతోని జరిపితే జారుడు చప్పుడొస్తది. 112 వేగం మీద 6 ఉండేది పావు సెకను కన్న కొంచమే ఎక్కువ, కాబట్టి చిటికెన వేలు అలవాటైతే 6కు అదే మంచిది. ఉంగరం వేలు 5 మీద ముందే కూసోని ఉంటది, చిటికెన వేలు లేపితే చాలు.

మిగిలిన తీగలు గూడ మూయాలె. చూపుడు వేలు కొస ఏ (A) తీగను తాకాలె, వేలు అడుగు బి, సన్న ఈ తీగల మీద ఆనాలె. ఒత్తకు, తాకితే చాలు.

ఇంకొకటి చూసుకో. ట్యూనర్ పెట్టి జి తీగ ఉత్తగ మీటు, సూది నడుమ ఉండాలె. గిప్పుడు 5వ ఫ్రెట్ ఒత్తి మీటు, సి రావాలె. సూది కుడి దిక్కు పోతే శ్రుతి ఎక్కినట్టు. ఉత్త తీగ, ఒత్తిన తీగ ఎంటెంట వచ్చే రిఫ్ కదా, ఈ తేడా ఊకె గుచ్చుతది. ముందు ఒత్తుడు తగ్గించి చూడు, ఫ్రెట్ కడ్డీకి ఆనుకొని వెనక ఒత్తు. అయినా పోకుంటే తీగల ఎత్తు చూడు: 12వ ఫ్రెట్ కాడ లావు తీగ కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్క) కింది భాగం గీకించాలె. గీకితే మళ్ల రాదు, చేతనైనోళ్లతోనే చేపియ్యి. పాత తీగలైతే గవి మార్చి సూసినంకనే గీకుడు ముచ్చట.

కొత్తతీగ:

లయపిచ్చి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. "జు" మీదే మీటుతున్నాను. అక్షరాలతో అంటుంటే ఎక్కడ జారుతున్నానో వినిపిస్తోంది. ఓరుగల్లు అన్నా, సాడిల్ జోలికి ఇప్పుడే పోను, ముందు తీగలు మారుస్తా. ఒక సందేహం: ఉత్త తీగలు వాడకుండా ఇవే స్వరాలు ఇంకెక్కడైనా దొరుకుతాయా? అప్పుడు ఆ టంగు గొడవే ఉండదు కదా.

శ్రుతిపెట్టె:

దొరుకుతాయి. ఏ (A), డి (D) తీగల మీద 5 8 10, 5 8 11 10, 5 8 10 8 5. అవే స్వరాలు, అదే స్థాయి. ఉత్త తీగ లేదు కాబట్టి ఆపడం తేలిక. కానీ చెయ్యి ప్రతిసారీ మూడు ఫ్రెట్లు జరగాలి, తీగలు లావు కాబట్టి శబ్దం మందంగా ఉంటుంది. పైగా 0 నుంచి 3కి ఎక్కేటప్పుడు ఉత్త తీగ తెగే తీరు ఈ రిఫ్ ఉచ్చారణలో భాగం. నా మాట వింటే చప్పుడు తప్పించుకోవడానికి చోటు మార్చకండి, ఓరుగల్లు గారు చెప్పిన సాధన చేయండి.

ఆరుతీగలు:

ఈ ఒక్క విషయంలో శ్రుతిపెట్టె గారితో నాకు పేచీ ఉంది. ఒక్కరే కూర్చుని అకౌస్టిక్ మీద పాట మొత్తం పాడుతూ వాయించాలంటే పవర్ కార్డ్ రూపమే మేలు. రికార్డులో ఆ రిఫ్ గిటార్ ఒక్కదానిదే కాదు. బృందంలో కీబోర్డులు వాయించే జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని మార్షల్ ఆంప్‌లోంచి పంపి అదే వరసని గిటార్‌తో పాటు వాయించాడు. మొదట గిటార్ ఒంటరిగా, తర్వాత హై-హ్యాట్, ఆర్గన్, ఆపైన మిగతా డ్రమ్స్, చివరికి రోజర్ గ్లోవర్ బాస్. అంతమంది కలిసి పేర్చిన బరువుని రెండు సన్న తీగలు మొయ్యలేవు. నేనైతే మొదటి రెండు ఆవృత్తాలు డి, జి తీగల మీద, తర్వాత పాట మధ్యలో వచ్చే రిఫ్‌లన్నీ పవర్ కార్డులతో వాయించమంటాను. బాస్ వచ్చి చేరిన భావన కలుగుతుంది.

ఇక పాట మిగతా భాగం. నాలుగు పవర్ కార్డులు చాలు (ఒక్కోదానికి మూడు తీగలు, లావు వైపు నుంచి రాశాను):

జి: ఈ (E) తీగ 3, ఏ (A) తీగ 5, డి తీగ 5
ఎఫ్: ఈ తీగ 1, ఏ తీగ 3, డి తీగ 3
ఏ ఫ్లాట్ (A♭): ఈ తీగ 4, ఏ తీగ 6, డి తీగ 6
సి: ఏ తీగ 3, డి తీగ 5, జి తీగ 5

నాలుగింటికీ చేతి ఆకారం ఒకటే. చరణంలో ఎక్కువసేపు జి మీదే ఉంటారు, పాదం చివర ఎఫ్‌ని తాకి వెంటనే జికి వస్తారు. పల్లవి సి, ఏ ఫ్లాట్, జి. మళ్లీ సి, ఏ ఫ్లాట్, అక్కడినుంచి నేరుగా రిఫ్‌లోకి.

చరణంలో కార్డుని బారుగా మోగనివ్వకండి. కుడి అరచేతి అంచు బ్రిడ్జ్‌కి ఆనుకుని తీగల మీద పెట్టి, ఒక్కో దెబ్బకి రెండు చొప్పున కిందకే కొట్టండి. చెయ్యి ఒక సెంటీమీటరు ముందుకు జరిగితే స్వరమే వినిపించదు, వెనక్కి జరిగితే మూత పడదు. పల్లవి దగ్గర అరచెయ్యి పూర్తిగా ఎత్తేసి సి కార్డ్ నిండుగా మోగించాలి. ఈ మూయడం, తెరవడం లేకపోతే చరణానికీ పల్లవికీ తేడా తెలియదు.

ఈ పాట చెప్పేది జరిగిన కథే. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ గన్ (మంటల సంకేతాలు కాల్చే తుపాకీ) పేల్చడంతో కాసినో తగలబడింది. డీప్ పర్పుల్ వాళ్లు ఆ కాసినోలోనే రికార్డు చేసుకుందామని ఊళ్లో దిగి ఉన్నారు. జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగే పాట పేరు. పాట 1972లో మెషీన్ హెడ్ ఆల్బమ్‌లో వచ్చింది. ఇది తెలిస్తే చరణాలు ఎందుకు కబురు చెబుతున్నట్టు, గొంతు పెంచకుండా సాగుతాయో అర్థమవుతుంది. గిటార్ కూడా అక్కడ అంతే అణిగి ఉండాలి.

లయపిచ్చి:

పల్లవి నుంచి రిఫ్‌లోకి దూకే చోట ఒక జాగ్రత్త. డి, జి తీగల రిఫ్‌కే వెళ్లేట్టయితే ఏ ఫ్లాట్ చివరి అక్షరం "ణు" దగ్గరే ఎడమ చెయ్యి తీసేయండి. రిఫ్ మొదటి మీటు ఉత్త తీగలే కాబట్టి ఎడమ చేతికి పని లేదు, 3వ ఫ్రెట్ మీదకి చేరడానికి ఒక పూర్తి దెబ్బ సమయం ఉంటుంది. ఏ ఫ్లాట్‌ని ఆఖరిదాకా పట్టుకుని వేలాడితే 0 ఆలస్యమై, ఆ నాలుగు బార్లూ వెనకబడతాయి. ఆరుతీగలు గారు చెప్పినట్టు పవర్ కార్డులతో అయితే ఏ ఫ్లాట్ నుంచి జికి ఒక్క ఫ్రెట్ వెనక్కి జరగడమే, చెయ్యి లేపనక్కర్లేదు.