నెల్లూరులో పాడ్‌కాస్ట్ స్టూడియో అద్దెకు: అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూడాలి?

చెరువుగట్టు: రొయ్యల సాగు మీద ముగ్గురం కూర్చొని మాట్లాడే వీడియో పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. ఎపిసోడ్ గంట. మాగుంట లేఅవుట్ వైపు ఒక స్టూడియో ఉంది, అద్దె గంట లెక్కన. మూడు కెమెరాలు, మూడు మైకులు ఇస్తామన్నారు. ఏమేం అడగాలన్నా?

సౌండ్‌పెట్టె: కెమెరాలు తర్వాత, ముందు గదిని వినండి. తలుపు మూసి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. వెనకాలే ఖంగుమని మోగితే ఆ గది వద్దు. గోడకు సన్న ఫోమ్ అతికించినంత మాత్రాన సరిపోదు, అది కీచుగా ఉండే పై స్వరాలనే పీలుస్తుంది, గొంతులోని లోతైన మోత (బేస్) గదిలోనే తిరుగుతుంటుంది. మందం పరదాలు, కార్పెట్, సోఫాలు ఉన్న గది నయం.

ఏసీ నడుస్తుండగానే అరనిమిషం మౌనంగా రికార్డు చేయించి హెడ్‌ఫోన్లలో వినండి. మన ఎండలకి, పైన లైట్ల వేడికి, ఏసీ ఆపి గంట కూర్చోవడం అయ్యే పని కాదు.

మైకులు డైనమిక్‌వి (దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టేవి) అడగండి. కండెన్సర్ రకం మైకు అయితే పక్కవాళ్ల గొంతు, రోడ్డు మీద హారన్ అన్నీ లాగేస్తుంది. డైనమిక్‌కి నోరు జానెడు లోపే ఉండాలి. షూర్ ఎస్‌ఎం7బీ లాంటి మైకు అయితే 60 డీబీ (డెసిబెళ్ల) దాకా గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే బలం, కావాలి, ఇంటర్‌ఫేస్‌కి (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి) అంత లేకపోతే బుస్సుమనే శబ్దం వస్తుంది.

ముగ్గురికీ మూడు వేరు ట్రాకులు ఇవ్వాల్సిందే. అన్నీ కలిపి ఒకే ఫైలు ఇస్తే, ఒకరి దగ్గు ఇంకొకరి మాట మీద పడినప్పుడు తీయడం కుదరదు. గట్టిగా మాట్లాడినప్పుడు రికార్డింగ్ మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి.

కావలి_కెమెరా: మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాల్లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టించండి. 1/60 పెడితే చవక ఎల్‌ఈడీల కింద చారలు పాకుతాయి. మూడు కెమెరాలకూ వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఒకే అంకె, ఆటో వద్దు. కొన్ని పాత కెమెరాలు అరగంటకి ఒక్క సెకను ముందు వాటంతటవే ఆగిపోతాయి, మోడల్ కనుక్కోండి.

ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. కెమెరాల్లో ఉండే మైకులూ ఆన్‌లోనే ఉంచి, మొదట్లో ఒక చప్పట్టు, చివర్లో ఒకటి కొట్టండి. రికార్డరు గడియారం, కెమెరా గడియారం కొద్దిగా తేడాగా నడుస్తాయి, గంట దాటేసరికి పెదవులు ఒకచోట, మాట ఒకచోట. రెండో చప్పట్టుతో ఆ తేడా ఎంతో తెలిసిపోతుంది.

4కే వీడియోని 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు కెమెరాకి 45 జీబీ, మూడింటికి 135. మీ సొంత ఎస్‌ఎస్‌డీ (వేగంగా కాపీ అయ్యే డిస్కు) పట్టుకెళ్లండి. కాపీ అయ్యే టైముకూ అద్దె వేస్తారా, అది ముందే తేల్చుకోండి.

చెరువుగట్టు: మధ్యలో కరెంటు పోతే?

సౌండ్‌పెట్టె: రికార్డరు, ఇంటర్‌ఫేస్ యూపీఎస్ మీద ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఉన్నట్టుండి ఆగిన ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఇరవై నిమిషాలకోసారి ఆపి, సేవ్ చేసి, మళ్లీ మొదలుపెట్టండి. జనరేటర్ మోత లోపలికి వస్తుందేమో దాన్ని వేయించే వినండి. గంట ఎపిసోడ్‌కి మూడు గంటలు బుక్ చేసుకోండి, లైట్లు, మైకులు సర్దేసరికే ముప్పావు గంట పోతుంది.