వాట్సాప్‌లో రొయ్య రేటు అందరికీ తెలుస్తోంది, మరి బేరంలో రైతే ఎందుకు తగ్గుతున్నాడు?

ఉండి చెరువుగట్టు:
మాది ఉండి ఊరి దగ్గర నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువండి. పొద్దున లేచేసరికి కౌంట్ల వారీగా రేట్లు ఫోన్‌లో ఉంటాయి. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అది పెరిగితే రేటు తగ్గుతుంది. మా నాన్న రోజుల్లో ఏజెంటు నోట్లోంచి ఏది వస్తే అదే రేటు. ఇప్పుడు బేరం మన చేతికి రావాలి కదా? మొన్న 50 కౌంట్ అనుకుని పట్టుబడి పెట్టాం, అంటే అమ్మడానికి రొయ్యలు పట్టాం. మెసేజ్ చూపిస్తే ఏజెంటు నవ్వేసి "అది కంపెనీ గేటు దగ్గర రేటండీ" అన్నాడు. తూకం దగ్గర 53 కౌంట్ అన్నాడు. సాఫ్ట్ (పెంకు మెత్తగా ఉన్న రొయ్య) అంటూ ఓ ట్రే పక్కకి లాగేశాడు. కిలోకి 18 రూపాయలు పోయింది. రేటు తెలిసి ఏం ఒరిగినట్టు?

అంబాజీపేట కొబ్బరి:
కేరళలో చేపల పడవలవాళ్ళకి సెల్‌ఫోన్లు వచ్చాక లాభం సుమారు 8 శాతం పెరిగిందని రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో రాశాడు. వాళ్ళు సముద్రంలోంచే ఫోన్ చేసి, రేటున్న రేవుకి పడవ తిప్పేవారు. మా కొబ్బరికాయ కూడా రేటు నచ్చకపోతే రాశి పోసి ఆపుతాం. మీ చెరువు ఎటు తిప్పుతారు?

పాత గుమాస్తా:
నేను ఒక బయ్యర్ దగ్గర పనిచేశాను. రేటు మెసేజ్ మేం పట్టించుకునేవాళ్ళం కాదు, గట్టు చూసేవాళ్ళం. పట్టపగలు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయా, రొయ్య తింటోందో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిందా, పక్క చెరువుకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిందా! ఇందులో ఏదున్నా రైతు తొందరలో ఉన్నట్టే. వల మనుషులు అప్పటికే దిగిపోయారంటే ఇంక బేరమే లేదు, ఆ పూట మీరు అమ్మక తప్పదని తెలిసిపోయినట్టే. అన్నట్టు, అమావాస్య దగ్గర్లో పట్టారా? రొయ్య కుబుసం విడిచే రోజులు. సాఫ్ట్ పేరు చెప్పొచ్చని మీ ఏజెంటు క్యాలెండర్ చూసే వచ్చుంటాడు.

కాలవగట్టు మాస్టారు:
ఇంకో సంగతి. 1993లో డెన్మార్క్‌లో రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీలు నిజంగా ఎంతకి అమ్ముతున్నాయో ప్రభుత్వమే ప్రచురించింది, పోటీ పెరుగుతుందని. ఏడాదిలోపే ధర 15–20 శాతం పెరిగింది. ఎవరు తగ్గించినా మిగతావాళ్ళకి తెలిసిపోతుంటే ఎవరు తగ్గిస్తారు? మీ మెసేజ్ బయ్యర్లూ చదువుతారు. పక్కవాడు ఇచ్చేదానికంటే రూపాయి ఎక్కువ పెట్టాల్సిన పని లేదని వాళ్ళకీ అందులోనే తెలుస్తుంది.

ఉండి చెరువుగట్టు:
పట్టింది అమావాస్య ముందు రోజేనండి. మరి కౌంట్ గొడవ లేకుండా ఏం చేయాలి?

పాత గుమాస్తా:
ముందు రోజు నాలుగు మూలలా విసురువల వేసి, కిలో తూచి మీరే లెక్కపెట్టుకోండి. ఇద్దరు బయ్యర్లని ఒకే టైముకి గట్టు మీదకి రమ్మనండి. సాఫ్ట్ ఎంత వరకు ఒప్పుకుంటారో రేటుతో పాటే తేల్చుకోండి. వల మనుషులకి కబురు ఆ తర్వాతే.