హాట్ ప్లేట్ ఆపినా చుక్కలు నిలవడం లేదు

ప్రశ్న, పటమట, విజయవాడ:
నమస్తే అండీ. తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోపు ఉన్నా, గాలి అలజడి వల్ల నక్షత్రం జానెడు అద్దంలో కనిపించినంత మసకగానే ఎందుకుంటుందని మా ఎమ్మెస్సీ పిల్లలు అడిగారు. చేసి చూపిద్దామని అడాప్టివ్ ఆప్టిక్స్ (గాలి చెదరగొట్టిన వెలుగుని కదిలే అద్దాలతో సరిచేసే పద్ధతి) బెంచ్ మొదలుపెట్టా. నక్షత్రం బదులు ఫైబర్ కొసన 635 నానోమీటర్ల లేజర్. కొలిమేట్ అయిన (కిరణాలు సమాంతరంగా సాగే) బీమ్ కింద గాలి అలజడి కోసం హాట్ ప్లేట్, ఆ తర్వాత బీమ్‌ని అటూ ఇటూ వాల్చే టిప్-టిల్ట్ అద్దం, ఆ అద్దం ప్రతిబింబాన్ని సెన్సార్ మీదికి చేర్చే రెండు 200 మిల్లీమీటర్ల ఫోకస్ లెన్సుల రిలే, చివర షాక్-హార్ట్‌మన్ సెన్సార్. ఇందులో లెన్స్‌లెట్లనే బుల్లి లెన్సుల వరస బీమ్‌ని కెమెరా మీద చుక్కలుగా పరుస్తుంది, ఒక్కో చుక్క ఎంత జరిగిందో చూస్తే అక్కడ వెలుగు ఎంత వాలిందో తెలుస్తుంది. డిఫార్మబుల్ మిర్రర్‌కి (ఆకారం మార్చుకునే అద్దం) ఇంకా డబ్బు కుదరలేదు. బల్ల అంటే చీమకుర్తి గ్రానైట్ పలక, దాని కింద ఆటోనగర్‌లో కొన్న నాలుగు స్కూటర్ ట్యూబులు.

హాట్ ప్లేట్ ఆపేసినా చుక్కలు అర పిక్సెల్ ఊగుతున్నాయి. ఏసీ నడుస్తోంది, మే నెల మరి. తప్పు గాలిదా, బల్లదా?

జవాబు, గుంటూరు:
మేడం, వెయ్యి ఫ్రేములు తీయండి. ఒక్కో ఫ్రేములో చుక్కలన్నీ సగటున ఎంత జరిగాయో చూసి, దాన్ని ప్రతి చుక్క కదలికలోంచి తీసేయండి. ఏమీ మిగలకపోతే గుంపంతా ఒక్కటిగా ఊగుతోందన్నమాట, అప్పుడు బల్లనో మౌంటునో ఫైబర్ కొసనో చూడాలి. బాగా మిగిలితే గాలే. చుక్కలు మసకగా ఉంటే కెమెరా నాయిస్ కూడా అలాగే మిగులుతుంది, లేజర్ కాస్త పెంచి తీయండి. గుంపు కదలిక ఎక్కువుందని మాత్రం బల్లని తప్పుపట్టొద్దు. గాలి అలజడికి వాడే కొల్మొగొరోవ్ లెక్కలో గాలి తెచ్చే చెదరులో దాదాపు 87 శాతం టిప్-టిల్టే, అంటే బీమ్ మొత్తం ఒక్కటిగా వాలడమే.

నేను ఇక్కడే రెండు నెలలు పోగొట్టుకున్నా. ట్యూబులు మార్చా, కాళ్ల కింద ఇసుక పోశా. ఒక సాయంత్రం కరెంటు పోయింది. లేజర్, ల్యాప్‌టాప్ యూపీఎస్ మీద ఉన్నాయి. ఏసీ ఆగిన పది నిమిషాలకు చుక్కలు వాకిట్లో ముగ్గుకి పెట్టినట్టు నిలిచిపోయాయి. ఆ రాత్రే బీమ్ దారంతా అట్టపెట్టెతో మూసేశా.

మరో జవాబు:
మూసే ముందు రిలే చూసుకోండి. టిప్-టిల్ట్ అద్దం కొంచెం వంచితే చుక్కలు జరగాలి, లెన్స్‌లెట్ల మీద బీమ్ అంచు మాత్రం కదలకూడదు. అద్దం నుంచి మొదటి లెన్సుకు 200 మిల్లీమీటర్లు, లెన్సుల మధ్య 400, రెండో లెన్సు నుంచి లెన్స్‌లెట్లకు 200 ఉండాలి.

పటమట నుంచి:
సగటు తీసేశాక కూడా సగం మిగిలింది సార్. టీవీ వచ్చిన అట్టపెట్టె కోసి, లోపల నల్ల చార్టు అతికించి కప్పాం. ఏసీ నడుస్తుండగానే 0.08 పిక్సెల్‌కి దిగింది! రిలేలో 6 మిల్లీమీటర్ల తేడా కూడా దొరికింది, సరిచేశాం. హాట్ ప్లేట్‌కి తగ్గట్టు పెట్టెకి కింద కన్నం కోస్తున్నారు పిల్లలు, రేపు వెలిగిస్తాం.