ఒక్కతే ఉంటున్న అమ్మ ఇంట్లో కెమెరా పెట్టించొచ్చా?

కడప అబ్బాయి, కువైట్ నుంచి:
నాన్న పోయాక అమ్మ కడపలో ఒక్కతే ఉంటోంది, 74 ఏళ్లు. పోయిన నెల బాత్‌రూంలో తడి బండ మీద జారిపడి గంటన్నర లేవలేకపోయింది, పాలామె వచ్చి పిలిస్తే తెలిసింది. హాల్లో, వంటింట్లో కెమెరాలు పెట్టిద్దామంటే చెల్లెలు ససేమిరా అంటోంది. మీరేమంటారు?

కర్నూలు నుంచి:
పెట్టించు అన్నా, ఆలోచించొద్దు. గంటకు పైగా నేల మీదే పడి ఉంటే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీదికి రావొచ్చు. కొందరు కెమెరా బదులు సెన్సార్లంటారు గానీ, మనిషి పడిందా, ఊరికే కూర్చుందా మామూలు సెన్సార్లు చెప్పవు, కెమెరాలో కళ్లారా చూడొచ్చు.

అనంతపురం నుంచి:
అన్నా, అమ్మ పడింది బాత్‌రూంలో, మీరు కెమెరా పెడతానంటున్నది హాల్లో. బాత్‌రూంలో ఎటూ పెట్టలేరు కదా! మేమూ మా అత్త ఇంట్లో పెట్టించాం. ఎండాకాలం మధ్యాహ్నం హాల్లో చాపేసుకుని పడుకునే మనిషి, అది మానేసి ఒంటినిండా కొంగు కప్పుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చునేది. ఒకరోజు ఫోన్‌లో చూస్తే అంతా చీకటి, కెమెరా మీద టవల్ వేసేసింది. నాకు చాలా బాధేసింది, ఆ వారమే తీయించేశాం.

ఇప్పుడు బాత్‌రూం తలుపుకు అయస్కాంతం సెన్సార్, వంటింట్లో కదలిక సెన్సార్ ఉన్నాయి. తలుపు మూసి అరగంట దాటినా, పొద్దున 7 లోపు వంటింట్లో అలికిడి లేకపోయినా మెసేజ్ వస్తుంది. కదలిక సెన్సార్ ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడాను బట్టి పసిగడుతుంది, మే నెలలో మన ఇళ్లలో గోడలే కాలిపోతుంటే ఆ తేడా తగ్గి, మనిషి తిరుగుతున్నా లేనట్టే ఉంటుంది. రెండుసార్లు అలాగే టెన్షన్ పడి పరుగెత్తాం, అందుకే ఎండల్లో తలుపుదాన్నే నమ్ముతాను. రౌటర్‌కు ఇన్వర్టర్ లైన్ ఇప్పించండి, కరెంటు పోతే నెట్ పోతుంది.

ఇంకొకటి, కడపలో 7 అంటే మీకు తెల్లవారుజాము 4:30. మెసేజ్ మీకొక్కరికే వస్తే ఏం లాభం? వీధిలో ఎవరి దగ్గరైనా ఇంకో తాళంచెవి ఉండాలి, బాత్‌రూం గడియ బయట నుంచి కూడా తీసేలా మార్పించాలి. కర్నూలు అన్న అన్నదానికీ నా జవాబు ఇదే, పడిందో కూర్చుందో వెళ్లి చూసే మనిషి కావాలి. ముందు అమ్మను అడిగారా?

కడప అబ్బాయి:
అడగలేదు, నిజమే. ఇప్పుడే ఫోన్ చేశాను. కెమెరా వద్దే వద్దంది, తలుపుకు పెట్టుకోండి అంది. తాళంచెవి మాత్రం పాలామెకే ఇస్తుందట. గడియకు రేపు వడ్రంగిని పంపిస్తున్నాను.