రన్నర్ చూస్తే తెలివి, కెమెరా చూస్తే మోసమా?

ఎర్రకుట్టు: 2017లో అమెరికా బేస్‌బాల్ జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్ తమ సొంత మైదానంలో సెంటర్ ఫీల్డ్ (మైదానం చివర, క్యాచర్‌కి ఎదురువైపు) కెమెరా దృశ్యాన్ని డగౌట్ వెనక నడవాలోని టీవీకి తెచ్చుకున్నారు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్, ఏ బంతి వేయాలో పిచర్‌కి (బంతి వేసేవాడికి) చూపే వేళ్ల సైగలు చదివి, చెత్తడబ్బా మీద కొట్టి బ్యాటర్‌కి చెప్పారు. చప్పుడైతే నెమ్మది బంతి, కాకపోతే ఫాస్ట్‌బాల్. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్) వాళ్లదే. అదే సైగని క్యాచర్‌కి ఎదురుగా రెండో బేస్ మీదున్న రన్నర్ (బ్యాటింగ్ జట్టువాడే) చూసి చెబితే నిబంధనలు అడ్డు చెప్పవు. నా లెక్కలో రెండూ తప్పే, లేదా రెండూ ఒప్పే.

రెండోబేస్: ఒప్పుకోనండీ. రన్నర్ అక్కడిదాకా ఆడి చేరాడు, అందరికీ కనిపిస్తూనే ఉన్నాడు. అందుకే అప్పుడు క్యాచర్ ఒక్క సైగతో ఆపడు. ఒకటి, మూడు, రెండు, ఒకటి అని వరసగా వేళ్లు చూపిస్తాడు. అసలు సైగ ఏదో ముందే మాట్లాడుకుని ఉంటారు. ఉదాహరణకి ఔట్ల సంఖ్యకి ఒకటి కలపాలి. ఒక ఔట్ అయ్యుంటే రెండో సైగ లెక్క, అంటే మూడు వేళ్లు. రన్నర్ ఆ గుట్టు విప్పాలి, హెల్మెట్ తాకో మరోలాగో బ్యాటర్‌కి అందించాలి. అనుమానం వస్తే క్యాచర్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గరికెళ్లి లెక్క మార్చేస్తాడు. బేస్‌లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడో నడవాలో కూర్చున్నవాడి మీద అనుమానం ఎలా వస్తుంది?

పాతస్కోర్‌కార్డు: వచ్చిందిగా! ఆ సెప్టెంబర్‌లోనే ప్రత్యర్థి జట్టు వైట్ సాక్స్ పిచర్ డానీ ఫార్క్వర్ ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) సైగ రాగానే చప్పుడవడం గమనించాడు. మౌండ్ దిగి క్యాచర్‌ని పిలిచి సైగలు మార్చాడు, చప్పుడు ఆగిపోయింది. 1951లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు సెంటర్ ఫీల్డ్ క్లబ్‌హౌస్‌లో టెలిస్కోప్ పెట్టి, బజర్ తీగతో బుల్‌పెన్‌కి (పిచర్లు సిద్ధమయ్యే చోటికి) కబురు పంపారు. ఇది పాత జబ్బు. కాపలా ఎవరి సైగలకి వాళ్లే పెట్టుకోవాలి.

రెండోబేస్: సెప్టెంబర్ అంటే సీజన్ ముగిసే వేళ. అప్పటికే మునిగినవాళ్ల మాటేమిటి? గంటకి 95 మైళ్ల బంతి బ్యాటర్‌ని చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకను. ఏ బంతో ముందే తెలిస్తే ఆ క్షణంలో ఊహించే పనే ఉండదు. ఆగస్టు 4న టొరంటో పిచర్ మైక్ బోల్సింగర్ ఆస్ట్రోస్ మైదానంలో ఒక్కరినే ఔట్ చేసి నాలుగు పరుగులిచ్చాడు. మళ్లీ మేజర్ లీగ్‌లో బంతి వేయలేదు. ఆ నాలుగు పరుగులూ చప్పుడు వల్లే వచ్చాయని ఎవరూ రుజువు చేయలేరు, కాదనీ చెప్పలేరు. నన్ను బాధపెట్టేది అదే.

స్లిప్‌కార్డన్: శిక్ష సంగతి కూడా చూడండి. 2020 జనవరిలో క్లబ్బుకి 50 లక్షల డాలర్ల జరిమానా, నాలుగు డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే అవకాశాలు) పోయాయి, మేనేజర్‌కీ జనరల్ మేనేజర్‌కీ ఏడాది నిషేధం. నిజం చెబితే వదిలేస్తామన్న హామీతో ఆటగాళ్లకి ఏమీ లేదు. బ్యాట్ పట్టినవాళ్లే బయటపడటం నాకు మింగుడుపడలేదు.

ఎర్రకుట్టు: రెండూ ఒప్పే అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. బోల్సింగర్ సంగతి దానికి చాలు. కానీ 2022లో పిచ్‌కామ్ అనే పరికరం వచ్చాక క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో మాట వినిపిస్తోంది, వేళ్ల సైగలకి పని తగ్గింది. ఇప్పుడు అందరి కళ్లూ పిచర్ గ్లవ్ మీదే. ఛేంజప్ పట్టు కోసం లోపల చెయ్యి తిప్పితే గ్లవ్ కాస్త విచ్చుకుంటుంది. దాన్ని ముందురోజు వీడియోలో కనిపెడితే?

రెండోబేస్: నాకు అభ్యంతరం లేదండీ. అదే వీడియో పిచర్ కూడా చూసి గ్లవ్ బిగించుకోవచ్చు.